తెర వెనుక ఉన్నవాళ్ళకు పేర్లు లేవా?

మొన్న మన బడి వార్షికోత్సవంలో హరిశ్చంద్ర కాటిసీను చూసి మీలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. మా అమ్మ కూడా తుడుచుకుంది. హరిశ్చంద్రుడికి షీల్డు ఇచ్చారు, చంద్రమతికి ఇచ్చారు, చచ్చిపడున్న లోహితాస్యుడికి కూడా ఒక స్టీలు డబ్బా ఇచ్చారు. వాడు అంతసేపు దోమలు కుట్టినా కదలకుండా పడుకున్నాడు కాబట్టి ఇవ్వాల్సిందే, నాకేం కడుపుమంట లేదు. కానీ ఆ స్టేజీ మీదికి రాత్రిని తెచ్చింది ఎవరు? చితిమంట పుట్టించింది ఎవరు? మేము ఐదుగురం. వందన సమర్పణలో షామియానా వేసినవాళ్ళ పేరు చదివారు, టిఫిన్ పెట్టిన దాత పేరు చదివారు, మా పేర్లు చదవలేదు. ఆ టైములో మేము వెనకాల వైర్లు చుడుతున్నాము.

ఈ మాట అడిగితే నాకు నాలుగు జవాబులు వచ్చాయి. ఆ నాలుగూ తప్పని నా వాదన.

మొదటిది, "స్విచ్ నొక్కడమే కదా, అందులో ఏముంది?" అని. ఏముందో చెప్తాను. చంద్రమతికి మొదట ఎర్రచీర అనుకున్నారు. రిహార్సల్లో నీలం కాగితం కట్టిన లైటు వేస్తే ఆ చీర నల్లగా, మురికిగుడ్డ లాగా కనిపించింది. ఎర్రగుడ్డ ఎరుపునే తిప్పి పంపుతుంది, నీలం వెలుగులో ఎరుపే లేకపోతే అది ఏం పంపుతుంది? అందుకే లేతపసుపు చీరకు మార్చాము. మంట కోసం కట్టెల కింద ఒక నారింజరంగు లైటు పెట్టి, దాని ముందు చింపిన అట్టముక్కను చేత్తో ఆడించాము. ఒకే వేగంతో ఆడిస్తే మంటలా ఉండదు, ఫ్యాను నీడలా ఉంటుంది. హరిశ్చంద్రుడు మాంగల్యం చూసి తన భార్యేనని గుర్తుపట్టే చోట, ఆమె ముఖం మీద వెలుగు మెల్లగా పెరగాలి. డైలాగుకు ముందే పెంచితే జనానికి రహస్యం తెలిసిపోతుంది, ఆలస్యమైతే ఏడుపు చీకట్లో కలిసిపోతుంది. ఆ డైలాగు నాకు కూడా కంఠతా వచ్చు, చెప్పే అవకాశమే లేదు.

బెంగాలులో తాపస్ సేన్ అని ఒక పెద్దాయన ఉండేవారు. 1959లో వచ్చిన 'అంగార్' నాటకంలో బొగ్గుగనిలోకి నీళ్ళు దూరి కూలీలు మునిగిపోవడాన్ని ఆయన స్టేజీ మీద వెలుగుతోనే చూపించారు. సంగీత నాటక అకాడమీ ఆయనకు అవార్డు ఇచ్చింది. స్విచ్ నొక్కడమే అయితే అకాడమీ వాళ్ళు అవార్డు ఎందుకిస్తారు?

రెండో జవాబు, "ఆడపిల్లవు, కరెంటు దగ్గర నీకేం పనే? పోయి రంగవల్లి వెయ్" అని. ఈ మాట వేరే ఏ ఊళ్ళో అయినా అంటే ఊరుకుందును. ఇది బళ్ళారి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసి ఆడించిన ఊరు. బళ్ళారి రాఘవ (1880–1946) ఊరు. మగవాళ్ళే ఆడవేషాలు కడుతున్న కాలంలో, స్త్రీపాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టినాయన ఆయన. అప్పుడు కూడా "ఆడవాళ్ళకు స్టేజీతో ఏం పని" అనే అన్నారు. ఇప్పుడు స్టేజీ ముందు భాగం మాకు దొరికింది, వెనక భాగం మాత్రం ఇంకా దొరకలేదు. రాఘవ పేరు పెట్టుకున్న కళామందిరం పక్కనే తిరుగుతూ ఈ మాట అనడానికి మనకు సిగ్గుండాలి.

మూడోది, "టెన్త్‌లో ఉన్నావు, చదువు పాడవుతుంది" అని. మా సైన్సు పుస్తకంలో విద్యుత్తు పాఠం ఉంది. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయని నేను మూడుసార్లు చదివి మూడుసార్లూ మరిచిపోయాను. అద్దెకు తెచ్చిన హాలోజన్ లైటు ఒక్కోటి 1000 వాట్లు. 230తో భాగిస్తే నాలుగుకు పైగా ఆంపియర్లు. అంటే 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గుకు ఒక్కటే పెట్టాలి, రెండు పెడితే వైరు వేడెక్కుతుంది. 16 ఆంపియర్ల ప్లగ్గుకు మూడు పెట్టవచ్చు. ఇప్పుడు ఆ సూత్రం నేను నిద్రలో అడిగినా చెప్తాను. ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టలాగే వదిలి ఎక్కువ లోడు వేస్తే లోపల వేడి పోక కాలిపోతుందని కూడా అక్కడే నేర్చుకున్నాను. ఇది చదువు కాకపోతే ఏది చదువు?

నాలుగోది మంచి మాటలా వినిపిస్తుంది. "పేరు కోసం పని చేయకూడదు తల్లీ" అని. సరే, ఒప్పుకుంటాను. అయితే ఆ నీతి అందరికీ ఒకటే ఉండాలి కదా? దాతల పేర్లు పాలరాతి మీద చెక్కించి, ముఖ్య అతిథికి శాలువా కప్పి, నిష్కామకర్మ మాత్రం వైరు చుట్టేవాళ్ళకు బోధిస్తే ఎట్లా? 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో మొదలైన సురభి కుటుంబాల్లో ఇవాళ వేషం కట్టినవాళ్ళు రేపు తెర వెనక పని చేస్తారు. అందరూ రెండు పక్కలా ఉంటారు కాబట్టి పెద్దపని, చిన్నపని అనే తేడా ఉండదు. మనం అట్లా చేయడం లేదు.

పేరు సంగతి పక్కన పెట్టినా, ఇంకో సంగతి వదలలేను. మాలో ఏడో తరగతి పిల్లవాడొకడు వెలుగుతున్న హాలోజన్ డబ్బాను ఒట్టిచేత్తో తిప్పబోయి అరచెయ్యి బొబ్బలెక్కించుకున్నాడు. "చిన్నదేలే" అన్నారు. చేతి తొడుగులు లేవు, కాళ్ళకు చెప్పులు లేవు, ఎలక్ట్రీషియన్ సాయంత్రం దాకా రాలేదు. వెనక ఉన్నవాళ్ళు ఎవరికీ కనిపించకపోతే వాళ్ళ చేతులు కాలినా కనిపించదు. నేను పేర్లు అడుగుతున్నది అందుకే. పేరు తెలిసిన పిల్లవాడి గురించి ఎవరో ఒకరు అడుగుతారు.

ఈ పనులన్నీ నాకు నేర్పింది మా పిన్ని. ఆమె కాలేజీలో మూడేళ్ళు నాటకాలకు, పాటకచ్చేరీలకు లైట్లు వేసింది. ఇప్పుడు బ్యాంకులో పని చేస్తుంది. ఆ కాలేజీ ఆల్బం మొన్న తీసి చూపించింది. ఏ నాటకంలో ఏ ఫ్యూజు పోయిందో, ఎవరు డైలాగు మరిచిపోతే తను లైటు ఆర్పి కాపాడిందో నవ్వుతూ చెప్పింది. నేను ఆల్బం చివరిదాకా తిప్పి, "పిన్నీ, నువ్వెక్కడ?" అని అడిగాను. ఒక్క ఫోటోలోనూ లేదు. "నేనెట్లా ఉంటానే, వెనకాల ఉంటి కదా" అంది. కానీ ఆ ఫోటోలన్నీ ఆమె వేసిన వెలుగులోనే తీసినవి.

కాబట్టి అమ్మానాన్నలకూ, మా గురువులకూ నేను అడిగేవి నాలుగే. వచ్చే ఏడాది ఆహ్వానపత్రికలో తెర వెనక పనిచేసేవాళ్ళ పేర్లు కూడా అచ్చువేయండి. పని ఆడా మగా చూడకుండా ఇవ్వండి. ఎలక్ట్రీషియన్‌ను పొద్దున్నే పిలిపించి, పిల్లలకు తొడుగులూ చెప్పులూ ఇప్పించండి. ఒక్క రిహార్సల్ అయినా లైట్లతో పెట్టండి.

అప్పటికి నేను ఈ బడిలో ఉండను. అందుకే ఇది నా కోసం అడగడం లేదని నమ్మవచ్చు. ఈ ఏడాది అచ్చు కాని ఆ ఐదు పేర్లూ ఒక కాగితం మీద రాసి మా క్లాసు టీచరుకు ఇచ్చాను. అందులో బొబ్బలెక్కిన పిల్లవాడి పేరు మొదట రాశాను.