పాత రేసింగ్ సైకిల్‌కి కొత్త పార్ట్స్ వేయొచ్చా?

పాత ఫోన్‌లో బ్యాటరీ మారిస్తే ఎవరూ ఏమీ అనరు. అదే 1980ల నాటి స్టీల్ రోడ్ సైకిల్‌లో ఒక్క పార్ట్ మారిస్తే చాలు, ‘ఒరిజినాలిటీ పోయింది’ అని గొడవ మొదలు. నన్నడిగితే చూసుకోవాల్సింది ఒక్కటే: రేపు వద్దనుకుంటే మళ్లీ పాత రూపానికి తేగలమా?

టైర్లు, బ్రేక్ ప్యాడ్‌లు, కేబుల్స్ అరిగిపోయే వస్తువులు. రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగిలిపోతుంది. వీటిని ఆలోచించకుండా మార్చేయండి. పల్లంలో బ్రేక్ పట్టకపోతే ఒరిజినాలిటీ వచ్చి ఆపదు కదా!

అసలు చిక్కు గేర్ల దగ్గర. అప్పటి చాలా ఫ్రేముల్లో వెనక హబ్‌కి ఉండే గ్యాప్ 126 మి.మీ. తర్వాత స్టాండర్డ్ అయిన రిమ్ బ్రేక్ హబ్‌లకు 130 కావాలి. స్టీల్ కాబట్టి వంచి వెడల్పు చేయొచ్చు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములతో ఆ పని అస్సలు చేయకూడదు. స్టీల్‌కైనా అది సర్జరీ లాంటిదే. డిస్క్ బ్రేక్ కోసం ఫ్రేమ్‌కి వెల్డింగ్ చేయిస్తే ఇక వెనక్కి దారే లేదు.

ఇటలీలో 1997లో మొదలైన ‘లెరోయికా’ రైడ్‌కి సాధారణంగా 1987కి ముందు తయారైన సైకిళ్లు రావాలి. గేర్ లీవర్లు కూడా సాధారణంగా డౌన్‌ట్యూబ్ మీదే ఉండాలి. రోజూ తొక్కడానికి కొత్త గేర్లు బిగించుకున్నా తప్పేం లేదు. కానీ విప్పిన పాత పార్ట్స్ మాత్రం తుక్కు కింద అమ్మేయకండి. డబ్బాలో దాచండి. మీ తర్వాత ఆ సైకిల్ తొక్కేవాళ్లకి కూడా ఛాయిస్ ఉండాలిగా!