వట్టిచేతులతో పంపవద్దన్న దేవుడు

అమెరికాలో ఇంటింటికీ పార్సిళ్లు చేరవేసే యూపీఎస్ సంస్థ 1907లో సియాటెల్‌లో వంద డాలర్ల అప్పుతో మొదలైంది. 2025లో ఆ సంస్థ 48,000 మందిని తగ్గించుకుంది. వారిలో 34,000 మంది డ్రైవర్లు, గోదాముల్లో పనిచేసేవారు. 93 భవనాలు మూతపడ్డాయి. 2026లో మరో 30,000 మంది వరకు తగ్గిస్తామని జనవరిలోనే ప్రకటించింది.

నష్టాల్లో కూరుకుపోయి చేసిన పని కాదిది. 2024లో ఆ సంస్థ నికరలాభం 578 కోట్ల డాలర్లు. తన అతిపెద్ద ఖాతాదారు అమెజాన్ పార్సిళ్లపై మిగిలేది తక్కువని, వాటిని 2026 ద్వితీయార్ధానికల్లా సగానికి పైగా వదులుకోవాలని తానే నిర్ణయించుకుంది. పార్సిళ్లు తగ్గితే పనిచేసే చేతులూ ఎక్కువైపోతాయి కదా! వ్యాపారి లెక్క చూసుకోవడం పాపమని బైబిలు ఎక్కడా చెప్పదు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కించుకోడా అని యేసుప్రభువే అడిగాడు.

అయితే లెక్క ముగిశాక మనిషిని సాగనంపడమెలా? ఆరేళ్లు సేవచేసిన దాసుడిని ఏడో ఏట విడిపించేటప్పుడు మందలోనుంచి, కళ్లంలోనుంచి, ద్రాక్షగానుగలోనుంచి ధారాళంగా ఇచ్చి పంపమంటుంది ధర్మశాస్త్రం (ద్వితీ. 15:13–14). అక్కడి కొలత చూడండి. దాసుడు ఎన్నేళ్లు చేశాడన్నది కాదు, దేవుడు ఆ యజమానిని ఎంతగా ఆశీర్వదించాడన్నదే కొలత. ఆ వెంటనే, నువ్వూ ఐగుప్తులో దాసుడివేనని ఇశ్రాయేలుకు గుర్తుచేస్తాడు దేవుడు. మరచిపోయే జబ్బు యజమానులకే ఎక్కువ మరి!

2025లో తమంతట తాము వెళ్లిపోయే డ్రైవర్లకు, పెన్షన్ కాక, సర్వీసులో ఏడాదికి 1,800 డాలర్ల చొప్పున ఇస్తామంది యూపీఎస్. పాతికేళ్లు బండి నడిపినవాడికి 45,000 డాలర్లు. 2023 ఒప్పందం ముగిసేనాటికి ఫుల్‌టైం డ్రైవరుకు జీతం, సదుపాయాలు కలిపి ఏటా సగటున 1,70,000 డాలర్లు ముడతాయని చెప్పుకున్నదీ ఆ సంస్థే. అంటే పాతికేళ్ల చాకిరీకి మూడు నెలల పైచిలుకు రాబడి! ఒప్పందానికిది విరుద్ధమని టీమ్‌స్టర్స్ యూనియన్ మండిపడింది. నాకు ఆ కోపంలో న్యాయమే కనిపిస్తోంది.

ఇది అమెరికా సంగతి, మనకెందుకని అనుకోకండి. మన సంఘాల్లోనూ ఉద్యోగం వచ్చినవాడు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతాడు. పోయినవాడు వెనక బల్లమీద కూర్చుని, కానుకల సంచి దగ్గరికొచ్చేసరికి తలదించుకుంటాడు. ప్రార్థన అంశాల్లో అతడి పేరు చదివి ఊరుకోకుండా, ఈ నెల ఇంటి అద్దె ఎలా కడుతున్నావని సంఘపెద్దలు అతణ్ని పక్కకు పిలిచి అడగాలి.