మీకు ఏడుపు తెప్పించే పాట ఏది?

మా క్లయింటు అమెరికాలో దుకాణాలు నడిపే కంపెనీ. అందుకని థాంక్స్‌గివింగ్ నుంచి జనవరి మొదటి వారం దాకా ప్రొడక్షన్ మీద ఈగని కూడా వాలనివ్వరు. కోడ్ ఫ్రీజ్ అన్నమాట. డిసెంబరంతా మేం డాక్యుమెంట్లు రాస్తున్నట్టు నటిస్తూ టీ మీద టీ తాగుతుంటాం. ఖాళీగా ఉన్న మనుషుల్ని చూస్తే హెచ్చార్ వాళ్ళకి చేతులు దురద పెడతాయి కదా, పోయిన డిసెంబరు ఒకటో తారీఖున టీమ్ గ్రూపులో ఒక బొమ్మ పెట్టారు. "ముప్ఫై రోజులు, ముప్ఫై పాటలు". రోజుకో ప్రశ్న, ఎవరికి తోచిన పాట వాళ్ళు చెప్పాలి. ఇది వాళ్ళ సొంత ఐడియా ఏమీ కాదు లెండి. 2010 తర్వాత ఫేస్‌బుక్‌లో బాగా తిరిగింది, 2020 లాక్‌డౌన్‌లో మళ్ళీ దుమ్ము దులిపారు. మా వాళ్ళు ఆ జాబితానే యథాతథంగా దింపేశారు.

దించేటప్పుడు ఒక్కసారి చదువుకుంటే బావుండేది. మొదటి రోజే "టైటిల్లో రంగు పేరున్న పాట". తెలుగు పాటకి టైటిలెక్కడిది? ఇంగ్లీషు పాటకి బిడ్డకి పెట్టినట్టు ఒక పేరు పెడతారు, ఆ పేరు పాటలో ఉండాలన్న రూలు కూడా లేదు. క్వీన్ వాళ్ళ 'బొహీమియన్ రాప్సొడీ' (1975) మొత్తం విన్నా ఆ రెండు మాటలూ ఎక్కడా వినపడవు. మనకి పల్లవిలో మొదటి నాలుగు మాటలే పేరు, అవీ సగంమందికి గుర్తుండవు. "గీతాంజలిలో వాన పాట ఉంటుంది చూడు" అంటాం. హీరో పేరు, సినిమా పేరు, వాన. మన ఇండెక్సింగ్ అదీ :)

ఇంకో రోజు "విడిపోయిన బ్యాండ్, మళ్ళీ కలిస్తే బావుండనిపించేది" అని అడిగారు. మా గ్రూపులో సగం మంది ఏవో ఇంగ్లీషు పేర్లు రాశారు. నా పక్క సీటు వరంగల్ అన్న మాత్రం ఒకే ఒక్క మాట రాశాడు. "రాజ్-కోటి". నాకు లేచి దండం పెట్టాలనిపించింది. టి.వి. రాజు గారబ్బాయి రాజ్, సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి కోటి. 'హలో బ్రదర్' (1994) దాకా ఊరూరా మోగించి, 90ల మధ్యలో ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. 2023 మే నెలలో రాజ్ గారు పోయారు, ఇంక కలిసేది లేదు. మన దగ్గర బ్యాండ్లే లేవు కదా అని నేను ప్రశ్నని కొట్టిపారేస్తే, ఆ అన్న దానికి అచ్చంగా సరిపోయే జవాబు పట్టుకొచ్చాడు.

కానీ అలాంటి జవాబులు ముప్ఫై రోజుల్లో వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మిగతావి ఎలా ఉన్నాయంటే, సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు ఇల్లు సర్దినట్టున్నాయి. మా టీమ్‌లో సగానికి సగం తెలుగువాళ్ళం. అయినా మొదటి వారంలో వచ్చిన తెలుగు పాటలు మూడు. అందులో ఒకటి 'నాటు నాటు', అదీ 2023లో ఆస్కార్ వచ్చింది కాబట్టి ధైర్యంగా చెప్పుకోవచ్చని. మిగిలినవన్నీ రెహమాన్ హిందీ పాటలు, కోల్డ్‌ప్లే, ఎవరికీ తెలియని ఐస్‌లాండ్ బ్యాండొకటి. ఆ ఐస్‌లాండ్ బ్యాండ్ పెట్టినవాడు బస్సులో నా పక్కనే కూర్చుంటాడు. వాడి ఇయర్‌ఫోన్లలోంచి బయటికి కారేది ఏ పాటో నాకు తెలుసు. చెప్పను, మిత్రద్రోహం.

వాణ్ణి అని నేనేదో పత్తిత్తునని కాదు. నేను పాటలు వినే యాప్ ఏడాది చివర్లో ఒక లెక్క చూపిస్తుంది, ఈ ఏడాది మీరు ఎక్కువగా విన్నదేంటో. నా లెక్కలో మొదటి స్థానం వాన చప్పుడు. పాట కాదండీ, ఉత్త వాన చప్పుడు, పది గంటల ఫైలు, పని చేసుకునేటప్పుడు పెట్టుకునేది. అదే నెలలో "మీకు ఎప్పటికీ విసుగు పుట్టని పాట" అన్న ప్రశ్నకి నేను రాసింది 'మల్లీశ్వరి' (1951)లో పాట. మన స్టేటస్ రిపోర్టులో ఉండేది ఒకటి, సర్వర్ లాగ్స్‌లో ఉండేది ఇంకొకటి. అందరికీ తెలిసిందే.

ఇదేం కొత్త జబ్బు కాదు. బీబీసీ రేడియోలో 'డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్' అని ఒక కార్యక్రమం 1942 నుంచీ వస్తోంది. ఒంటరి దీవిలో చిక్కుకుపోతే మీ వెంట ఉంచుకునే ఎనిమిది రికార్డులేవి అని పేరున్నవాళ్ళని అడుగుతారు. 1958లో ఎలిజబెత్ ష్వార్జ్‌కాఫ్ అనే ఒపేరా గాయని వచ్చి, ఎనిమిదిలో ఏడు తను పాడినవే ఎంచుకుంది. అందరూ ఇప్పటికీ ఆవిణ్ణి వెక్కిరిస్తారు గానీ, నాకైతే ఆవిడే నయమనిపిస్తుంది. దాచుకోలేదు కదా పాపం.

దీనికి పూర్తిగా తిరగబడ్డ వ్యవహారం మన పెద్దవాళ్ళది. రేడియోలో శ్రోతలు కోరిన పాటలు వేసేవారు గుర్తుందా? పాట కంటే ముందు ఊళ్ళ పేర్లూ మనుషుల పేర్లూ చదివేవారు. జార్ఖండ్‌లో ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు, అలా కార్డులు రాసీ రాసీ దేశమంతటికీ తెలిసిపోయింది. మా నాన్న కూడా పెళ్ళికి ముందు రాసేవాడట, పోస్టు కార్డు మీద తన పేరూ, నలుగురు స్నేహితుల పేర్లూ, ఒక ఘంటసాల పాటా. పేరు రేడియోలో రావాలన్న సరదా వాళ్ళకీ ఉండేది, కాదనను. కానీ ఆ కార్డు రాసేది ముందు ఆ పాట వినడానికి. అడిగితే గానీ దొరకదు మరి. కొట్లో క్యాసెట్ కొనాలంటే డబ్బులు కావాలి, టేపు రికార్డరు కావాలి. ఇప్పుడు ఏ పాటైనా రెండు నొక్కులు నొక్కితే జేబులో మోగుతుంది. ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే "మీ పాట చెప్పండి" అని ఎవరైనా అడిగితే, మనం వినాలనుకున్న పాట చెప్పం, మనల్ని ఎలా అనుకోవాలో ఆ పాట చెప్తాం. విజిటింగ్ కార్డు ఇచ్చినట్టు. నా అభిప్రాయం ఇంతే, ఒప్పుకోకపోతే మీ ఇష్టం.

ఇక అసలు సంగతి. తొమ్మిదో రోజు ప్రశ్న "మీకు ఏడుపు తెప్పించే పాట".

నాకు పాట వెంటనే గుర్తొచ్చింది. వెతుక్కోవాల్సిన పనే లేదు. టైపు చేయబోయి ఆగిపోయాను.

2012లో నన్ను విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్‌కి పడేశారు. పేరొద్దు, అన్నీ ఒకటే. వారం మొత్తానికి ఆదివారం పది నిముషాలు ఇంటికి ఫోను. వార్డెన్ గది బయట ఒకటే ఫోను, వెనక ముప్ఫై మంది లైను. మా నాన్నకి నరసరావుపేటలో ఎరువుల కొట్టుండేది. మనిషి ఘంటసాల తప్ప వేరే గొంతు వినడు. ఒకరోజు మా చిన్నమామయ్యకి ఫోన్ చేసినప్పుడు అవతల పాట మోగుతుంటే, ఆపుదామని ఏదో నొక్కాడట. స్టార్ నొక్కితే ఆ పాటే మనకి కాలర్ ట్యూనుగా పడుతుందని ఆయనకేం తెలుసు? పడింది. ఏ పాటనుకున్నారు? 'గబ్బర్ సింగ్'లో మలైకా అరోరా డాన్సు చేసిన పాట.

కాలర్ ట్యూనుతో తమాషా ఏంటంటే, పెట్టుకున్నవాడికి అది వినపడదు. చేసినవాళ్ళకే వినపడుతుంది. పది రోజులదాకా మా నాన్నకి తన ఫోన్లో ఏం మోగుతోందో తెలీదు. ఎవరో రైతు "ఏంది శెట్టిగారూ, మంచి ఊపు మీదున్నారే" అన్నాక తెలిసింది. నెలకి ముప్ఫై రూపాయలు కోసుకుంటున్నాడని కూడా అప్పుడే తెలిసింది. నాకు చెప్పాడు, "ఒరే, ఇదేదో తీసెయ్యరా, పరువు పోతోంది" అని. సెలవులకొచ్చినప్పుడు మెసేజ్ పంపి తీశాను, నెల తిరిగేసరికి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారొచ్చినప్పుడు తీస్తా నాన్నా అన్నాను. ఆ తర్వాత సారీ అదే అన్నాను. కొన్నాళ్ళకి ఆయనే "పోనీలే, చేసినోళ్ళు నవ్వుతూ మాట్టాడుతున్నారు, ఉండనీ" అన్నాడు. పెట్టేబేడా సర్దుకుని ఇంజినీరింగ్‌కి వెళ్ళినా, 2018లో ఉద్యోగంలో చేరినా, ఆ పాట అలాగే ఉంది. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని, నాన్న ఫోన్లో కాలర్ ట్యూను తియ్యలేదు.

హాస్టల్లో ఆ ఫోను చప్పుడు బయటికి వినపడేది. నేను నంబరు నొక్కి నిలబడితే వెనక లైన్లో ఉన్నవాళ్ళు ఈలలు వేసేవాళ్ళు. మొదట్లో సిగ్గుతో చచ్చేవాణ్ణి. తర్వాత అలవాటైంది. సరిగ్గా ఒక ఇరవై సెకన్లు మోగేది. నాన్న కళ్ళజోడు వెతుక్కుని, ఎవరో చూసుకుని, "ఆ, చెప్పరా, తిన్నావా" అనేవాడు. ఎన్నేళ్ళు విన్నా ఆ ఇరవై సెకన్లు దాటి నాకా పాట తెలీదు.

2021 మే నెలలో నాన్నకి కరోనా వచ్చింది. లోపలికి ఎవర్నీ రానివ్వట్లేదు, ఫోను మాత్రం ఆయన దగ్గరే ఉంది. చేసేవాణ్ణి. ముందు కరోనా జాగ్రత్తలు చెప్పే గొంతు, తర్వాత ఈ పాట. మూడో రోజు నుంచీ ఎత్తలేదు. అప్పుడు విన్నాను ఇరవై సెకన్ల తర్వాత ఏముందో. కట్ అయ్యేదాకా వినేవాణ్ణి, మళ్ళీ చేసేవాణ్ణి. ఆయన పోయాక కూడా, రీఛార్జి అయిపోయి నంబరు ఆగేదాకా, అప్పుడప్పుడు చేసేవాణ్ణి. అమ్మకి ఈ సంగతి తెలీదు.

అదీ నాకు ఏడుపు తెప్పించే పాట. పెళ్ళిళ్ళలో, కాలేజీ ఫెస్టుల్లో ఎక్కడ మోగినా నేను చెయ్యి కడుక్కునే వంకతో బయటికెళ్ళిపోతాను.

గ్రూపులో ఏం రాశానో తెలుసా? సిరివెన్నెల గారి పాటొకటి. అంతకు పది రోజుల ముందే ఆయన వర్ధంతి (ఆయన పోయింది 2021 నవంబరు 30న), అందరి మనసులోనూ ఉన్నారు. గొప్ప పాట, అందులో సందేహం లేదు. ఇంటర్ రోజుల నుంచీ వింటున్నాను. కానీ ఎప్పుడూ ఏడవలేదు. పద్నాలుగు మంది హృదయం గుర్తు పెట్టారు. మా టీమ్ లీడ్, బెంగాలీ ఆవిడ, అర్థం చెప్పమంటే కూర్చుని అరపేజీ ఇంగ్లీషులో రాసిచ్చాను కూడా. ఆ సాయంత్రం ఇంటికెళ్తుంటే, నాన్నని ఎవరో "మీ నాన్నగారేనా?" అని అడిగితే కాదు అని చెప్పినట్టనిపించింది.

మీరనచ్చు, ఆఫీసు గ్రూపులో అంత లోపలి విషయం ఎందుకు చెప్పాలి అని. నిజమే, అక్కర్లేదు. ఆ రోజు ఊరుకుని ఉంటే సరిపోయేది, ఊరుకోవడంలో అబద్ధం లేదు. నా బాధంతా పాటకి పరువు లెక్క వేసినందుకు. మంచి పాటేది అన్న ప్రశ్నకి సాహిత్యం, రాగం, ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఇవన్నీ చూడాల్సిందే. అక్కడ నేనూ సిరివెన్నెల గారి వైపే. కానీ "నీకు ఏడుపు తెప్పించేదేది" అన్నది ఆ ప్రశ్న కాదు. ఎక్కడున్నప్పుడు, ఎవరి పక్కన ఉన్నప్పుడు ఏ పాట మోగింది అన్నది మన చేతుల్లో లేదు. బస్సులో డ్రైవరు పెట్టింది, పక్కింటివాళ్ళు పెట్టింది, మామయ్య ఫోన్లోంచి తప్పు బటన్ నొక్కితే అంటుకున్నది. వాటిలో చాలా భాగం చెత్త పాటలే అయ్యుంటాయి, ఎందుకంటే చుట్టూ ఎక్కువగా మోగేవి అవే.

ఈ పాటల ఆటలు దండగ అని కూడా నేననను. అందరూ గొప్పల కోసం పెట్టినవాటిలోంచే నాకు మంచివి దొరికాయి. కొట్టాయం కుర్రాడొకడు పెట్టిన పాట పట్టుకుని వెతికితే, జాన్సన్ అని మలయాళంలో ఒక సంగీత దర్శకుడు ఉండేవాడని తెలిసింది (2011లో పోయారు). నెలరోజులు అవే విన్నాను, వాన చప్పుడు కూడా మానేసి. నేనడిగేదల్లా, పాట లింకు ఒక్కటీ పడేసి పోకుండా, ఎక్కడ విన్నారో ఒక్క ముక్క రాయండి. ఆ ఒక్క ముక్క రాయాల్సి వస్తే ఐస్‌లాండ్ బ్యాండ్లు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి.

ఇంత చెప్పి, నేను రాశానా అంటే, రాయలేదు. ఇరవై రెండో రోజు "సౌండు పెంచి వినాల్సిన పాట" అని అడిగారు. ఆ పాట పెట్టేశాను, గబ్బర్ సింగ్‌ది. ఎందుకో ఏమిటో రాయలేదు, లింకొక్కటే. వరంగల్ అన్న పక్క సీట్లోంచి ఈల వేశాడు. గ్రూపునిండా డాన్సు చేసే బొమ్మలు పడ్డాయి. నేనూ ఒకటి పెట్టాను.