ధర పెంచితే నాటుసారా, తగ్గిస్తే క్వార్టర్ సీసా.. ఇల్లాలి లెక్క ఎప్పుడు తేలుతుంది?

నెల్లూరు: మద్యం ధర పెంచితే తాగడం తగ్గుతుందా? తగ్గిస్తే నాటుసారా పోతుందా? ఏపీ ప్రభుత్వాలు ఈ రెండూ చేసి చూశాయి.

2020 మేలో మద్యం ధరలు రెండు విడతల్లో 75 శాతం పెరిగాయి. తాగుడు మాన్పించడానికే అన్నారు. కొనలేని కూలీ నాటుసారా వైపు చూశాడు. అదే ఏడాది జూలై చివర్లో, కరోనా ఆంక్షలతో దుకాణాలు మూసి ఉన్నప్పుడు, పక్కనున్న ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబర్‌లో కొత్త పాలసీ వచ్చింది. 3,396 ప్రైవేట్ షాపులు, రూ.99కే క్వార్టర్. చవక మద్యం దొరికితే నాటుసారా జోలికి పోరన్నది ఈసారి వాదన.

ఇంట్లో కాస్తే మంచిదేనా?

బెల్లం ఊట పులియబెట్టి బట్టీ మీద కాస్తే నాటుసారా. పన్ను లేదు, లైసెన్స్ ఫీజు లేదు, అందుకే చవక. యూట్యూబ్‌లో అయితే టిఫిన్‌కు తినే కార్న్‌ఫ్లేక్స్‌తో విస్కీ కాచే వీడియోలు కూడా ఉన్నాయి. న్యూజిలాండ్‌లో సొంత వాడకానికి కాచుకోవడం నేరం కాదు. మన దగ్గర లైసెన్స్ లేకుండా కాస్తే జైలే.

'ఇంట్లో చేసిందే కదా, కల్తీ ఉండదు' అన్నది పెద్ద భ్రమ. కిక్కు కోసం నవసారం, యూరియా లాంటివి కలిపేవాళ్లున్నారు. అసలు ప్రాణం తీసేది పరిశ్రమల్లో వాడే మిథనాల్. అది కలిస్తే చూపు పోతుంది, ప్రాణమూ పోతుంది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచిలో మిథనాల్ కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది.

దూబగుంట చెప్పింది వేరు

కావలి తీరానికి పడమటనున్న దూబగుంటలో 1990ల మొదట్లో ఉన్నది దొంగసారా కాదు, సర్కారు వేలం వేసిన సారా. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు తమ ఇంటి కథలాంటి పాఠం చదివి, మొగుళ్ల కూలి డబ్బు ఎటు పోతోందో లెక్క కట్టారు. రోసమ్మ లాంటి వాళ్లు ముందుండి ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. జిల్లా అంతటా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఖజానాకు ఆదాయం కావాల్సి వచ్చింది మరి.

ఆ లెక్క ఇప్పుడు వేసి చూడండి. రోజుకో రూ.99 క్వార్టర్ అంటే నెలకు రూ.2,970. కూలి ఇంట్లో అది పిల్లల ఫీజు, బియ్యం, అమ్మీ మందులు. సీసా మీద లేబుల్ ఉన్నా, నాటుసారా అయినా, పోయేది ఇంటి డబ్బే.

మద్యం హరామ్, కాబట్టి ఇది మన సమస్య కాదనుకుంటే పొరపాటు. మహల్లాలో తాగేవాళ్లు లేరని గుండె మీద చెయ్యి వేసుకుని ఎంతమంది చెప్పగలరు? పరువు పోతుందని దాచిపెట్టే ఇళ్లలో నష్టం ఇంకా ఎక్కువ, అడిగేవాళ్లే ఉండరు కాబట్టి.

ధరతో ఆడుకున్నంత కాలం తాగేవాడు ఒక సీసా వదిలి ఇంకోటి పట్టుకుంటాడు. దాడులు చేసి ఊట పారబోస్తే సరిపోదు. కాచేవాళ్లకు వేరే బతుకుతెరువు, తాగేవాళ్లకు డీఅడిక్షన్ వైద్యం, ఊళ్లో ఎక్కడ షాపు ఉండాలో చెప్పే మాట ఆడవాళ్లకు దక్కాలి. దూబగుంట ఆడవాళ్లు ధర తగ్గించమని అడగలేదు, పెంచమనీ అడగలేదు. మా ఊళ్లో వద్దన్నారు.