కట్టేశాం... ఇక వెళ్లడమే!

జనవరి వస్తే చాలు, హైటెక్‌ సిటీ కుర్రకారులో చాలామంది జిమ్ముకి ఏడాది ఫీజు ఒకేసారి కట్టేస్తారు. డబ్బు పోసినందుకైనా ఒళ్లు వంగుతుందని ఆశ. మరి వంగుతుందా? 2006లో అచ్చయిన ఓ అమెరికా అధ్యయనంలో, నెలకి 70 డాలర్లకు పైగా కట్టిన సభ్యులు వెళ్లింది సగటున నాలుగుసార్లే. అంటే వెళ్లిన ప్రతిసారీ 17 డాలర్లు పడ్డాయన్నమాట. పదిసార్లకి పాస్‌ తీసుకునుంటే ఒక్కోసారికి పది డాలర్లతో పోయేది!

ఫీజు కట్టినప్పటి చురుకు నెలలు గడిచేకొద్దీ చల్లారుతుంది. వెళ్లాలన్న పట్టుదలా అంతే. అందుకే నెలనెలా కట్టడం మేలు. జేబుకి ఆ చురుకు తగులుతూనే ఉంటుంది.

ఇక, బాల్కనీలో తువ్వాళ్లు మోస్తున్న ఖరీదైన సైకిలు సంగతంటారా... కిందికి దించండి. ఔటర్‌ రింగు రోడ్డు పక్కన సోలార్‌ పైకప్పు నీడలో 23 కిలోమీటర్ల ట్రాక్‌ 2023 నుంచీ దానికోసమే ఎదురుచూస్తోంది!