పెద్ద ఈరన్న ఒక్కడా, ఇద్దరా?

బాలలూ! మా కోడుమూరు ప్రాంతపు బడుల్లో ఒకే తరగతిలో పెద్ద ఈరన్న, చిన్న ఈరన్న అని ఇద్దరుండటం మామూలే. హాజరు పిలిచేటప్పుడు "పెద్ద ఈరన్న!" అంటే ఒక్కడే లేస్తాడు. కంప్యూటరు పిలిస్తేనో? "పెద్ద" అనేవాణ్ణి ఒకణ్ణి, "ఈరన్న" అనేవాణ్ణి ఇంకొకణ్ణి వెతుకుతుంది. ఆజ్ఞలో ఖాళీ వస్తే, అక్కడికి ఒక పేరు ముగిసిందని దాని లెక్క.

దీనివల్ల నష్టమేమిటంటారా? నా అనుభవం వినండి. వరుసగా జరగాల్సిన ఆజ్ఞలు రాసి ఉంచే చీటీని బ్యాచ్ ఫైలు అంటారు. బడి కంప్యూటరులో ఆ ఏటి మార్కులు "మార్క్స్" అనే ఫోల్డరులో, పాతవి "మార్క్స్ ఓల్డ్" లో ఉండేవి. పాతవి తీసేద్దామని ఇలా రాశాను:

ఆర్‌డి /ఎస్ /క్యూ డి:\మార్క్స్ ఓల్డ్

ఆర్‌డి అంటే ఫోల్డరు తీసెయ్యి. ఎస్ అంటే లోపలున్నవాటితో సహా. క్యూ అంటే నన్ను అడక్కుండా. ఇంకేముంది! ఖాళీ దగ్గర పేరు తెగింది. "మార్క్స్" పోయింది. "ఓల్డ్" దొరకలేదని కబురు. పాతవి మాత్రం భద్రం! ఇలా తీసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా చేరవు. కాగితం రిజిస్టరు ఉండబట్టి రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ ఎక్కించుకున్నాను.

మందు చిన్నదే. దారి మొత్తానికీ అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాలి: "డి:\మార్క్స్ ఓల్డ్". అప్పుడది ఒకే పేరు.

అసలు పేర్లలో ఖాళీలే వద్దు, కింద గీత పెట్టండని కొందరు బోధిస్తారు. నేను ఒప్పుకోను. డాస్ కాలంలో పేరుకు 8 అక్షరాలు, చుక్క తర్వాత 3, అంతే. 1995లో విండోస్ 95 ఆ కట్టు విప్పింది. "ప్రోగ్రామ్ ఫైల్స్" అని తన ఫోల్డరుకే ఖాళీతో పేరు పెట్టుకుంది. మీరు మానినా అది మానదు, ఫోటోలు పంపే మీ మేనమామా మానడు. గుర్తులు పెట్టే అలవాటే మొదటి పాఠంగా నేర్పాలని నా అభిప్రాయం.

ఒక్క చిక్కుంది. బ్యాచ్ ఫైలు మీదికి ఏదైనా ఫైలును లాగి వదిలితే, ఖాళీ ఉన్న పేరును విండోస్ గుర్తులతోనే అందిస్తుంది. "%1" అని రాస్తే గుర్తులు రెట్టింపై పేరు మళ్ళీ తెగుతుంది. "%~1" అని రాయండి. ఆ అలగీత వచ్చిన గుర్తులను ఒలిచేస్తుంది. మీరు పెట్టినవే మిగులుతాయి.

ఇక ఆర్‌డి నడిపేముందు, ఆ దారినే డిర్‌కు ఇచ్చి చూడండి. డిర్ చూపిస్తుందే తప్ప దేన్నీ తీయదు. ఆ రోజు నేను ఆ పని చేసి ఉంటే, తెరమీద ఆ ఏటి మార్కుల ఫైళ్ళే కనపడి ఉండేవి.