వంకర కాళ్లు తలరాత కాదు

వాడలో ఏ పిల్లకైనా కాలు వంకర పోతే మన దగ్గర జవాబు తయారుగా ఉంటది. "గ్రహణం నాడు తల్లి కత్తిపీట పట్టింది", "పోయిన జన్మల ఏం పాపం చేసిందో". ఈ మాట మనకు కొత్తది కాదు. మనం వాడలో ఎందుకు పుట్టామని అడిగినప్పుడూ ఇదే చెప్పారు. మన పుట్టుక విషయంలో ఆ కర్మ సిద్ధాంతాన్ని తిప్పికొట్టినం. మన పిల్లల ఎముకల విషయంలో మాత్రం ఇంకా నెత్తిన మోస్తున్నం. దాన్ని అక్కడ కూడా దించాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

పిల్లల ఎముక ఇంకా తయారవుతున్న ఎముక. పొడుగు ఎముకల కొసల దగ్గర మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడుగు పెరిగేది అక్కడే. అక్కడ కాల్షియం, భాస్వరం చేరి గట్టిపడితేనే అది ఎముక అవుతుంది. తిన్న తిండిలోని కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. ఎండ తగిలితే అది చర్మంలోనే తయారవుతుంది. వీటిలో ఏది తగ్గినా పెరిగే ఎముక మెత్తబడి ఒంటి బరువుకు వంగిపోతుంది. ఇందులో గ్రహణమూ లేదు, పోయిన జన్మా లేదు.

అట్లని ప్రతి వంకరా రోగం కాదు. పుట్టిన బిడ్డ కాళ్లు విల్లులాగే ఉంటాయి. రెండేళ్లకు తిన్నగవుతాయి. మూడు, నాలుగేళ్లప్పుడు మోకాళ్లు లోపలికొచ్చి ఒకదానికొకటి రాసుకుంటాయి. ఏడేళ్లకల్లా చాలామందికి వాటంతట అవే సర్దుకుంటాయి. ఈ పిల్లలకు మందులక్కర్లేదు, తాయెత్తులక్కర్లేదు. బూట్ల పేరు మీద, సూదుల పేరు మీద ఎవరైనా డబ్బు గుంజాలని చూస్తే ఇవ్వకండి.

మరి ఎప్పుడు దవాఖానకు పోవాలి? మూడేళ్లొచ్చినా కాళ్లు విల్లులాగే ఉంటే పోవాలి. ఒక్క కాలే వంగినా, వంకర రోజురోజుకూ పెరుగుతున్నా, పిల్ల కుంటుతున్నా, నొప్పని ఏడుస్తున్నా పోవాలి. ఏడాదిన్నర దాటినా నడక రాకపోయినా, మణికట్లు ఉబ్బినా పోవాలి. బడి పిల్లలకు ఇంట్లోనే చూసే పద్ధతి ఒకటుంది. పిల్లను వెల్లకిలా పండుకోబెట్టి మోకాళ్లు రెండూ తగిలేట్టు పెట్టండి. చీలమండల మధ్య 8 సెంటీమీటర్ల కంటే, అంటే పెద్దవాళ్ల నాలుగు వేళ్ల మందం కంటే, ఎక్కువ ఎడం ఉంటే డాక్టరుకు చూపించాల్సిందే.

పుట్టుకతోనే పాదం లోపలికి మెలిపడి ఉంటే ఇంకా తొందరపడాలి. పుట్టిన మొదటి వారాల్లోనే మొదలుపెడితే వారం వారం పిండికట్టు మార్చుతూ పాదాన్ని తిన్నగా చేస్తారు. చాలామందికి మడమ దగ్గర నరానికి చిన్న కోత పెడతారు. తర్వాత నాలుగేళ్ల వయసు దాకా రాత్రిపూట పట్టీ బూట్లు తొడగాలి. పోన్సెటి పద్ధతి అంటారు దీన్ని. బూట్లు మధ్యలో మానేస్తే పాదం మళ్లీ తిరుగుతుంది. దీనికి మందు తల్లి ఓపికే. కూలి పోతుందని తల్లి దవాఖానకు పోలేకపోతే అది ఆమె తప్పెట్లా అవుతుంది? ఆ రోజు ఆమెకు తోడు నిలవాల్సింది సంఘం.

ఇక నీళ్ల సంగతి. నీళ్లలో ఫ్లోరైడు ఎముకల్ని దెబ్బ తీస్తుందని మన దేశంలో 1937 లోనే రాశారు. ఆ రాసింది అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా ఊళ్ల గురించి. 1973 లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్లగొండ పిల్లల వంగిన మోకాళ్ల గురించి ప్రపంచానికి చెప్పారు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతిని నాగపూరు నీరి సంస్థ తయారుచేసింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరొచ్చింది. జిల్లా పేరు దేశదేశాల పుస్తకాలకెక్కింది. జిల్లా అంచున కట్టిన నాగార్జునసాగర్ నుంచి 1967 లోనే కాల్వలకు నీళ్లు వదిలారు. మర్రిగూడెం వైపు పిల్లలు మాత్రం దశాబ్దాలపాటు బోరు నీళ్లే తాగారు. 2016 లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. అది జనం ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చిన నీళ్లని మరువొద్దు.

ఫ్లోరైడుకు కులం తెల్వదు, అందరి బోరులోనూ ఉంటుందని కొందరు పెద్దమనుషులు అంటరు. నిజమే. కానీ నీళ్లు కొనుక్కునే ఇల్లేది? అదే నీళ్లు తాగినా కాల్షియం తక్కువ తినే పిల్లకే ఎముక ఎక్కువ దెబ్బ తింటుంది. బర్రెను మేపేది మనం, పాలు పోయేది సెంటరుకు. మన పిల్లకు దక్కేది నల్ల చాయ. కారంచేడులో 1985 లో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. నీళ్లెవరివన్న ప్రశ్న మనకు ప్రాణాల మీదికి తెచ్చిన ప్రశ్న. పిల్లల ఎముకల మీద రాసి ఉన్నదీ ఆ ప్రశ్నే.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కాచినా, వడగట్టినా ఫ్లోరైడు పోదు. కాస్తే నీరు ఇంకి ఇంకా చిక్కబడుతుంది. ముదిరిన ఫ్లోరోసిస్‌ను వెనక్కు తిప్పే మందు లేదు. పసితనంలోనే నీళ్లు మార్చి, పాలు, గుడ్డు, రాగులు, నువ్వులు, మునగాకు పెడితే ముదరకుండా ఆపొచ్చు. వంగిన కాళ్లకు ఎదుగుదల ఆగకముందే చేసే ఆపరేషన్లు కూడా ఉన్నాయి.

కాబట్టి సంఘాలు చేయాల్సిన పని స్పష్టంగా ఉంది. ఊళ్లో ప్రతి బోరు నీళ్లూ పరీక్ష చేయించాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ బోరు తాగడానికి పనికిరాదు. పరీక్ష ఫలితం పంచాయతీ గోడ మీద రాయించాలి. నల్లా ఆగిన వాడకు ట్యాంకరు అడగాలి. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు లెక్క చూడాలి. 2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షించాలి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి ఆ బృందం రావాలి. మెలిపడ్డ పాదానికీ, మెత్తబడ్డ ఎముకకూ వైద్యం అందులో ఉంది. వాళ్లు మన వాడ దాకా వచ్చారా, రోడ్డు మీద బడిలోనే సంతకం పెట్టి పోయారా? అడగాల్సింది మనమే.

మన తాతల నడుములు వెట్టి బరువుకు వంగినయి. పిల్లల కాళ్లు చెడ్డ నీళ్లకు, చాలని తిండికి వంగొద్దు. మంచినీళ్లు, కడుపు నిండా తిండి, సకాలంలో వైద్యం మన పిల్లల హక్కు. అడుగుదాం, ఇచ్చేదాకా కదలకుండా కూర్చుందాం.